గెలిచినా ప్రధాని కుర్చీ ఎందుకు దక్కదు? ముజీబ్ నుంచి పీటా దాకా

ద్వారకానగర్ అభ్యర్థి | శుక్రవారం రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నేను గ్రూప్-1కి చదువుతున్నాను. కోచింగ్‌లో పాలిటీ చెప్పేటప్పుడు "దిగువ సభలో మెజారిటీ ఎవరికుంటే వాళ్లే ప్రధాని" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పరీక్షకు అది చాలు. పక్క దేశాల చరిత్ర చదివేకొద్దీ మాత్రం ఆ ముక్క నిలబడటం లేదు. 1970 పాకిస్తాన్ ఎన్నికల్లో షేక్ ముజిబుర్ రెహమాన్‌కు స్పష్టమైన మెజారిటీ వచ్చింది, అయినా పాకిస్తాన్ ప్రధాని కాలేదు. 1990లో బర్మాలో ఆంగ్ సాన్ సూకీ పార్టీ ఊడ్చేసింది, అధికారం ఇవ్వలేదు. 2023లో థాయిలాండ్‌లో పీటా లిమ్‌జరోన్‌రాట్ పార్టీ అందరికంటే ఎక్కువ సీట్లు గెలిచింది, ఆయనా కాలేదు.

ఓట్ల లెక్కింపు అయిపోయాక, ప్రమాణ స్వీకారం జరిగేలోపు అసలేం జరుగుతోంది? వాళ్లను ఆపింది చట్టమా, మనుషులా? మన దగ్గర అలా జరిగే వీలుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

గాజువాక కుర్రాడు | శుక్రవారం రాత్రి 9:41

సైన్యం, బ్రదర్. మూడు దేశాల్లోనూ తుపాకీ ఎవరి చేతిలో ఉందో చూస్తే జవాబు దొరికేస్తుంది. రాజ్యాంగం పుస్తకంలో వెతికి లాభం లేదు.

ఎంవీపీ మాస్టారు | శుక్రవారం రాత్రి 10:35

తుపాకీ ఉంది బాబూ, కాదనను. కానీ తుపాకీ పట్టుకున్నవాళ్లు కూడా ముందుగా ఒక కాగితం రాసిపెట్టుకున్నారు. ఆ కాగితం చదవకపోతే సగమే అర్థమవుతుంది. నేను డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు పొలిటికల్ సైన్స్ చెప్పాను. ఈ 1970 పాఠం దగ్గర ఎప్పుడూ రెండు క్లాసులు ఎక్కువే తీసుకునేవాణ్ణి.

అప్పటికి పాకిస్తాన్‌లో రాజ్యాంగమే లేదు. 1962 రాజ్యాంగాన్ని 1969లో సైన్యాధిపతి యాహ్యాఖాన్ సైనిక పాలన విధించి రద్దు చేశాడు, తనే అధ్యక్షుడయ్యాడు. ఎన్నికలు పెట్టడానికి 1970 మార్చిలో 'లీగల్ ఫ్రేమ్‌వర్క్ ఆర్డర్' అని ఒక ఉత్తర్వు ఇచ్చాడు. జాతీయ అసెంబ్లీలో 313 సీట్లు: 300 జనరల్, 13 మహిళలకు. జనాభాను బట్టి తూర్పు పాకిస్తాన్‌కు (ఇప్పటి బంగ్లాదేశ్) 169, పడమటి పాకిస్తాన్‌కు 144. ఇంతవరకూ న్యాయంగానే ఉంది.

ఇక తర్వాతి సెక్షన్లు చూడండి. అసెంబ్లీని ఎప్పుడు, ఎక్కడ సమావేశపరచాలన్నది అధ్యక్షుడి ఇష్టం. సమావేశమైన రోజు నుంచి 120 రోజుల్లో రాజ్యాంగం రాయాలి, రాయలేకపోతే అసెంబ్లీ రద్దు. రాసినా అధ్యక్షుడు ఆమోదముద్ర వేయాలి, వేయకపోతే మళ్లీ రద్దు. సైనిక పాలన అప్పటిదాకా కొనసాగుతుంది. అంటే ఆ ఎన్నిక ప్రధానిని కూర్చోబెట్టడానికి పెట్టింది కాదు, రాజ్యాంగం రాసే సభ కోసం పెట్టింది. ముజీబ్‌కు ఎన్ని సీట్లొచ్చినా "నాకు మెజారిటీ ఉంది, ప్రమాణం చేయించండి" అని అడగడానికి ఆధారంగా చూపించే సెక్షన్ ఒక్కటి లేదు. జనం మాత్రం ప్రధానిని ఎన్నుకుంటున్నామనే ఓటేశారు.

1970 డిసెంబర్ 7న పోలింగ్. అంతకుముందు నవంబర్‌లో వచ్చిన భోలా తుఫానులో లక్షల మంది పోయారు. తుఫాను కొట్టిన చోట్ల పోలింగ్ జనవరికి వాయిదా పడింది. హుద్‌హుద్ చూసిన మనకు తుఫాను తర్వాత నీళ్లు, కరెంటు లేకుండా వారం గడపడం అంటే ఏమిటో తెలుసు. అక్కడ శవాలు తీసే దిక్కు కూడా లేదు. ఇస్లామాబాద్ నుంచి సాయం ఆలస్యమైంది. ఆ కోపం అంతా ఓటై కూర్చుంది. తూర్పున 162 జనరల్ సీట్లలో 160 ముజీబ్ పార్టీ అవామీ లీగ్‌వే. మహిళా సీట్లతో కలిపి 167. మొత్తం 313లో సగం కన్నా ఎక్కువ. పడమట జుల్ఫికర్ అలీ భుట్టో పార్టీకి జనరల్ సీట్లు 81.

అవామీ లీగ్ ఒంటరిగా రాజ్యాంగం పాస్ చేసుకోగలదు. తూర్పుకు స్వయంప్రతిపత్తి కోరుతూ ముజీబ్ పెట్టిన ఆరు సూత్రాల ప్రకారం రాస్తే కేంద్రానికి రక్షణ, విదేశాంగం తప్ప పెద్దగా ఏమీ మిగలదు. సైన్యానికీ భుట్టోకూ భయం పట్టుకున్నది అక్కడే. అసెంబ్లీ మార్చి 3న ఢాకాలో అని ప్రకటించారు. భుట్టో రానన్నాడు. మార్చి 1న యాహ్యాఖాన్ రేడియోలో నిరవధిక వాయిదా అని ప్రకటన ఇప్పించాడు. మళ్లీ మార్చి 25 అన్నాడు. ఆ 25 రాత్రి ఢాకా వీధుల్లోకి ట్యాంకులు వచ్చాయి, ముజీబ్‌ను అరెస్టు చేసి పడమటికి తీసుకెళ్లారు.

నేను పిల్లలకు చెప్పేది ఇదే: గెలిచినవాణ్ణి ఎన్నికలో ఓడించలేనప్పుడు, సభ తేదీని వాయిదా వేస్తారు. తేదీ ఎవరి చేతిలో ఉందో అది చూడు.

డాక్‌యార్డ్ రిటైర్డ్ | శనివారం ఉదయం 6:10

మాస్టారు గారూ, మీరు ఆపిన చోటు నుంచి నేను అందుకుంటాను. ఆ ఆగిపోయిన అసెంబ్లీ వల్ల వచ్చిన యుద్ధం మన రేవు దాకా వచ్చింది.

1971లో నాకు పద్నాలుగేళ్లు. మా ఇల్లు వన్ టౌన్‌లో, కోటవీధి దగ్గర. చీకటి పడితే బ్లాకౌట్. మా నాన్న కిటికీ అద్దాలకు నల్లకాగితం మైదాపిండి జిగురుతో అంటించాడు. లాంతరుకు కూడా చుట్టూ కాగితం చుట్టి, కిందికి మాత్రమే వెలుగు పడేలా పెట్టేవాళ్లం. డిసెంబర్ 3 రాత్రి, అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు. తలుపు గొళ్లెం గడగడలాడింది. అమ్మ మమ్మల్ని మంచం కిందికి తోసింది. పిడుగేమో అనుకున్నారు, ఆకాశంలో మబ్బు లేదు.

తర్వాత తెలిసింది అది పీఎన్ఎస్ ఘాజీ అని. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం కరాచీ నుంచి బయల్దేరి వచ్చిన జలాంతర్గామి. విక్రాంత్ విశాఖలోనే ఉన్నట్టు తూర్పు నౌకాదళం నమ్మించింది, అది మాత్రం అండమాన్ వైపు ఉంది. ఘాజీ ఎలా మునిగిందన్న దానిమీద మనవాళ్ల మాట ఒకటి, పాకిస్తాన్ మాట ఇంకొకటి. మనవాళ్లు ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలంటారు, వాళ్లు తమ మైన్లే పేలాయంటారు. అందులో ఉన్నవాళ్లలో ఒక్కరూ బతకలేదు. మన జాలర్లకు సముద్రంలో తేలుతున్న సామాను దొరికితే తెచ్చి నేవీకి అప్పగించారు.

బీచ్‌రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' స్తంభం దగ్గర రోజూ వేలమంది ఫొటోలు దిగుతారు. యుద్ధం గెలిచామని అందరికీ తెలుసు. ఎందుకు వచ్చిందో కూడా తెలియాలి. ఓ ఎన్నికల ఫలితాన్ని గౌరవించి ఉంటే ఆ సబ్‌మెరైన్ కుర్రాళ్లు మన సముద్రం అడుగుకు వచ్చేవాళ్లు కాదు. కోటి మంది శరణార్థులూ వచ్చేవాళ్లు కాదు.

ద్వారకానగర్ అభ్యర్థి | శనివారం ఉదయం 8:02

పెద్దాయన గారూ, మాస్టారు గారూ, ఇద్దరికీ ధన్యవాదాలు. ఘాజీని ఈ ఎన్నికతో కలిపి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక సందేహం. ముజీబ్‌కు రాజ్యాంగమే లేదు కాబట్టి దారి లేదన్నారు. రాజ్యాంగం ఉన్న చోట ఏం చేశారు? థాయిలాండ్‌లో అన్నీ రాసి ఉన్నాయి కదా?

వైజాగ్ టు బ్యాంకాక్ | శనివారం ఉదయం 11:15

రాసి ఉన్నాయి తమ్ముడూ. రాసినవాళ్లు ఎవరన్నదే ప్రశ్న. మాది మర్రిపాలెం, ఉద్యోగం వల్ల ఇక్కడ ఉంటున్నాను. 2023 మే 14న పోలింగ్ రోజు మా ఆఫీసు కుర్రాళ్లు ఉదయమే వెళ్లి ఓటేసి వచ్చారు. రాత్రికి వాళ్ల ముఖాల్లో ఆ ఆనందం చూస్తే నాకే కడుపు నిండింది.

దిగువ సభ 500 సీట్లు. పీటా నాయకత్వంలోని మూవ్ ఫార్వర్డ్‌కు 151, ఫ్యూ థాయ్‌కు 141. ఎనిమిది పార్టీలు కలిస్తే 312. మన లెక్కలో హాయిగా ప్రభుత్వం. కానీ 2017 రాజ్యాంగంలో అప్పటికి ఒక తాత్కాలిక నిబంధన ఉండేది (2024లో దాని గడువు తీరింది): ప్రధానిని ఎన్నుకునేటప్పుడు దిగువ సభతో పాటు 250 మంది సెనేటర్లూ ఓటేసేవాళ్లు. వాళ్లను జనం ఎన్నుకోలేదు, సైనిక ప్రభుత్వం నియమించింది. అంటే 312 ఉన్నా చాలదు, దాదాపు 375 కావాలి. జులై 13న ఓటింగ్. పోటీలో పీటా ఒక్కడే. ఆయనకు 324 వచ్చాయి. సెనేటర్లలో ఆయనకు ఓటేసింది 13 మంది. మిగతావాళ్లలో చాలామంది ఏ పక్కా ఓటేయకుండా తప్పుకున్నారు. ఆ రోజు టీవీలో ఒక్కొక్కరి పేరు పిలవడం, "తటస్థం" అనడం గంటలకొద్దీ నడిచింది. మా క్యాంటీన్‌లో వండే పెద్దావిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడి చూసింది.

ఇది ఒక అడ్డం. రెండోది, షేర్లు. మీడియా కంపెనీలో వాటా ఉన్నవాళ్లు పోటీ చేయకూడదని రాజ్యాంగంలో ఉంది. పీటా పేరు మీద ఐటీవీ అనే కంపెనీవి 42,000 షేర్లున్నాయి. తండ్రి ఆస్తి నిర్వాహకుడిగా తన పేర ఉన్నాయని ఆయన వాదన. ఆ ఛానల్ ప్రసారాలు 2007లోనే ఆగిపోయాయి. జులై 19న, సరిగ్గా రెండోసారి ఆయన పేరు పెట్టాల్సిన రోజున, రాజ్యాంగ న్యాయస్థానం ఎంపీ పదవి నుంచి సస్పెండ్ చేసింది. అదే రోజు పార్లమెంటు, ఒకసారి ఓడిన తీర్మానాన్ని అదే సమావేశాల్లో మళ్లీ పెట్టకూడదన్న తన సొంత నియమాన్ని బయటకు తీసి, ప్రధాని అభ్యర్థికీ అది వర్తిస్తుందంది.

2024 జనవరి 24న అదే న్యాయస్థానం, ఐటీవీ మీడియా వ్యాపారం చేయడం లేదు, పీటా తప్పు లేదు అని తీర్పిచ్చింది. అప్పటికి స్రేత్థా థవిసిన్ ప్రధాని అయి ఐదు నెలలు. మాస్టారు గారు చెప్పిన తేదీ మాట ఇక్కడ నూటికి నూరు పాళ్లు సరిపోతుంది. నిర్దోషి అన్న తీర్పు ఆరు నెలల ముందు వస్తే కథ వేరు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. రాజును అవమానిస్తే జైలు అనే 112వ సెక్షన్‌ను సవరిస్తామని ఆ పార్టీ ప్రచారం చేసింది. ఆ హామీ ఇవ్వడమే రాజ్యవ్యవస్థను కూలదోసే ప్రయత్నమని న్యాయస్థానం తేల్చి, 2024 ఆగస్టు 7న పార్టీనే రద్దు చేసింది. పీటా సహా నాయకులకు పదేళ్ల నిషేధం. ఓటేసిన కోటీ నలభై లక్షల మందికి మర్నాడు ఆ పేరుతో పార్టీయే లేదు.

గాజువాక కుర్రాడు | శనివారం మధ్యాహ్నం 12:30

సెనేటర్లను పెట్టింది సైన్యమే కదా అన్నా. నేను మొదట చెప్పిందీ అదే. కానీ ఒప్పుకుంటాను, తుపాకీ బయటకు తీయకుండానే పని అయిపోయింది. అది ఇంకా భయంగా ఉంది.

బర్మా క్యాంపు మనవరాలు | శనివారం మధ్యాహ్నం 3:48

మాది కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు. మా తాత రంగూన్ రేవులో మూటలు మోసేవారు. జనరల్ నే విన్ సైనిక పాలన వచ్చి దుకాణాలన్నీ జాతీయం చేశాక, మా వాళ్లు కట్టుబట్టలతో ఓడెక్కి విశాఖలో దిగారు. మా నాయనమ్మ చివరిదాకా రేడియోలో బర్మా వార్త వస్తే చెయ్యి అడ్డంపెట్టి అందర్నీ నోరు మూయించేది. 1990 ఎన్నికలప్పుడు సూకీ పార్టీ గెలిచిందని విని వీధిలో అందరికీ చెప్పి వచ్చింది. గెలిచిన 392 సీట్లకు విలువ లేకుండా పోయింది. మీరు ఎన్నికైంది రాజ్యాంగం రాయడానికే, అధికారం మా దగ్గరే ఉంటుంది అని సైన్యం ఎన్నిక అయ్యాక ప్రకటించింది. మాస్టారు గారు చెప్పిన యాహ్యాఖాన్ ఉత్తర్వు గుర్తొచ్చి నాకు ఒళ్లు జలదరించింది. యాహ్యాఖాన్ కనీసం ముందే రాశాడు, వీళ్లు ఫలితాలు చూసి రాశారు.

2015లో మళ్లీ గెలిచారు. ఈసారి అధికారం ఇచ్చారు, ఆమెకు తప్ప. 2008 రాజ్యాంగంలో 59(ఎఫ్) అని ఉంది: భర్త గానీ, పిల్లలు గానీ విదేశీ పౌరులైతే అధ్యక్ష పదవికి అనర్హులు. ఆమె భర్త బ్రిటిష్ వ్యక్తి, అప్పటికి చనిపోయి పదహారేళ్లు. కొడుకులిద్దరూ బ్రిటిష్ పౌరులు. పేరు రాయలేదు గానీ ఆమె కొలతలు తీసి కుట్టిన చొక్కా అది. మార్చాలంటే పార్లమెంటులో 75 శాతం దాటాలి, 25 శాతం సీట్లు సైన్యానివి.

కో నీ అనే న్యాయవాది ఒక దారి వెతికారు. రాజ్యాంగం ముట్టుకోకుండా, మామూలు చట్టంతో 'స్టేట్ కౌన్సెలర్' అనే కొత్త పదవి. దానితో ఆమె 2016 నుంచి దాదాపు ప్రధానిలాగే పనిచేశారు. ఆ కో నీని 2017 జనవరి 29న యాంగోన్ విమానాశ్రయం బయట కాల్చి చంపారు. ఒళ్లో మనవడు ఉన్నాడు. దయచేసి ఆయన పేరు ఈ థ్రెడ్‌లో ఉండనివ్వండి. రొహింగ్యాల విషయంలో సూకీ మాట్లాడిన తీరును నేను సమర్థించను. ఓటు వేసినవాళ్ల హక్కు మాత్రం వేరే సంగతి.

జగదాంబ లాయర్ | శనివారం రాత్రి 8:25

మంచి చర్చ. మన దేశానికి వద్దాం, అభ్యర్థి అడిగింది అదే.

మన రాజ్యాంగం 75వ అధికరణ చాలా చిన్నది. ప్రధానిని రాష్ట్రపతి నియమిస్తారు. మంత్రిమండలి లోక్‌సభకు బాధ్యత వహించాలి. ఆరు నెలల్లో ఏదో ఒక సభలో సభ్యుడు కాకపోతే పదవి పోతుంది. పీవీ నరసింహారావు గారు 1991 జూన్‌లో ప్రమాణం చేసినప్పుడు ఎంపీ కారు. నవంబర్‌లో నంద్యాల నుంచి గెలిచారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అక్కడ తెలుగుదేశం అభ్యర్థిని పెట్టలేదు. అది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి.

ఈ ఆరు నెలల వెసులుబాటును ఎంతదాకా లాగవచ్చు? 2001లో తమిళనాడులో తేలింది. జయలలితకు 2000లో టాన్సీ అనే ప్రభుత్వ సంస్థ భూముల కేసులో శిక్ష పడింది. ప్రజా ప్రాతినిధ్య చట్టం సెక్షన్ 8(3) ప్రకారం రెండేళ్లు, ఆపైన శిక్ష పడితే అనర్హత. 2001 ఎన్నికల్లో ఆమె వేసిన నామినేషన్లు తిరస్కరించారు. పార్టీ మాత్రం గెలిచింది, ఎమ్మెల్యేలు ఆమెనే నాయకురాలిగా ఎన్నుకున్నారు, గవర్నర్ ప్రమాణం చేయించారు. జనం తీర్పు అన్నిటికన్నా పైది అన్నది ఆమె వాదన. సెప్టెంబర్ 21న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నియామకం చెల్లదంది: సభ్యత్వానికే అనర్హురాలైన వ్యక్తికి ఆరు నెలల వెసులుబాటు లేదు, జనం తీర్పు రాజ్యాంగాన్ని దాటలేదు. తర్వాత హైకోర్టు నిర్దోషి అంది, ఉప ఎన్నికలో గెలిచి 2002లో తిరిగి వచ్చారు. తీర్పు ముఖ్యమంత్రి గురించే అయినా, ప్రధానికీ అదే సూత్రం.

ఇక్కడ నేను మాస్టారు గారితో కొంచెం విభేదిస్తాను. అసలు ఆయుధం తేదీ కాదు, అర్హత. పీటా షేర్లు, సూకీ కుటుంబం, జయలలిత శిక్ష, అన్నీ అర్హత ప్రశ్నలే. అర్హతలు ఎన్నిక ముందు తేలిపోతే జనానికి తెలిసి ఓటేస్తారు. ఎన్నిక తర్వాత తేల్చడమే అన్యాయం.

సీతమ్మధార పాఠకురాలు | శనివారం రాత్రి 9:10

లాయరు గారూ, 2004 మాట ఏమిటి? సోనియా గాంధీ కూటమి గెలిచింది, ఆమె కాలేదు. చట్టం అడ్డొచ్చిందని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. రాష్ట్రపతి కలాం గారు ఒప్పుకోలేదని కూడా.

జగదాంబ లాయర్ | శనివారం రాత్రి 9:34

రెండూ నిజం కావమ్మా. మన రాజ్యాంగం పౌరుడా కాదా అనే అడుగుతుంది, పుట్టుకతో పౌరుడా అని అడగదు. ఆమె 1983లో పౌరసత్వం తీసుకున్నారు. దాన్ని సవాలు చేసిన ఎన్నికల పిటిషన్లు 2001లో సుప్రీంకోర్టు దగ్గర నిలవలేదు. నియామక పత్రం సిద్ధంగా ఉందని, ఆమె అడిగి ఉంటే నియమించడం తప్ప తనకు వేరే దారి లేదని కలాం గారే తర్వాత రాశారు. ఆమెను ఆపింది రాజకీయం. విదేశీ మూలం మీద బీజేపీ నేతలు తీవ్రంగా ఆందోళనకు దిగారు. గుండు చేయించుకుంటానని సుష్మా స్వరాజ్ ప్రకటించారు. మే 18న సోనియా వద్దన్నారు, 22న మన్మోహన్ సింగ్ ప్రమాణం చేశారు. సమర్థించినా, విమర్శించినా, దాన్ని చట్టం ఖాతాలో వేయకూడదు.

మోడరేటర్ | శనివారం రాత్రి 9:50

ఈ పోస్టు కింద పార్టీల ప్రచారం మొదలైంది. అలాంటి ఆరు వ్యాఖ్యలు తీసేశాను. విషయం మీద ఉండండి.

ఎంవీపీ మాస్టారు | ఆదివారం ఉదయం 7:15

లాయరు గారి మాట కాదనలేను, కానీ నా మాట వదులుకోలేను కూడా. అర్హత ప్రశ్నే లేని చోట కూడా తేదీతో పని జరిపించారు. మన రాష్ట్రంలోనే.

1984 ఆగస్టు 16. ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చి కొద్దిరోజులు. ఆయనకు మెజారిటీ లేదని గవర్నర్ రాంలాల్ తీసేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. బలనిరూపణకు ఎంత గడువిచ్చారు? నెల. రాజ్‌భవన్ ముందు ఎమ్మెల్యేలను నిలబెట్టి తలలు లెక్కపెట్టుకోమన్నా వినలేదు. నెల గడువంటే ఎమ్మెల్యేలను కొనుక్కోవడానికి నెల. ఆ రోజుల్లో విశాఖలో బస్సులు ఆగిపోయాయి, మా కాలేజీ పిల్లలు క్లాసులు వదిలి ఊరేగింపులకు వెళ్లారు, నేను ఆపలేదు. ఆపాలనీ అనిపించలేదు. సెప్టెంబర్ 16న, కొత్త గవర్నర్ శంకర్ దయాళ్ శర్మ చేతుల మీదుగా ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఓటేసినవాళ్లు రోడ్డు మీదికి వస్తే ఫలితం నిలబడుతుందని నేను కళ్లారా చూసిన సందర్భం అది.

దానికి పదేళ్ల తర్వాత బొమ్మై కేసులో సుప్రీంకోర్టు, మెజారిటీ తేలాల్సింది సభలోనే, రాజ్‌భవన్‌లో కాదంది. 2018లో కర్ణాటకలో గవర్నర్ యడియూరప్పకు 15 రోజులిస్తే, కోర్టు దాన్ని మర్నాటికి కుదించింది. పరీక్షకు ముందే ఆయన రాజీనామా చేశారు. 2019లో మహారాష్ట్రలోనూ అంతే. గమనించారా, కోర్టు ఎవరినీ ముఖ్యమంత్రిని చేయలేదు. గడువు మాత్రం తగ్గించింది. ఆ ఒక్క పనితో బేరం ఆగిపోయింది.

కానీ రాజ్యాంగంలో ఇప్పటికీ గడువు రాసి లేదు. ప్రధాని విశ్వాస పరీక్ష ఇన్ని రోజుల్లో ఎదుర్కోవాలని ఏ అధికరణలోనూ లేదు. 1979లో చరణ్ సింగ్ ప్రమాణం చేసి లోక్‌సభ ముఖం చూడకుండానే రాజీనామా చేశారు. తనకు మద్దతుందన్న జగ్జీవన్ రామ్‌ను పిలవకుండా మన నీలం సంజీవరెడ్డి గారు సభ రద్దు చేశారు. దేశానికి మొదటి దళిత ప్రధాని రావాల్సిన అవకాశం అలా పోయింది. తెలుగువాడైన రాష్ట్రపతి అని నేను ఆయన్ను గౌరవిస్తాను, ఆ నిర్ణయాన్ని మాత్రం ఎప్పటికీ ఒప్పుకోను.

డాక్‌యార్డ్ రిటైర్డ్ | ఆదివారం ఉదయం 8:40

మాస్టారు గారూ, జగ్జీవన్ రామ్ 1971 యుద్ధంలో రక్షణ మంత్రి. మా డాక్‌యార్డ్ పాతవాళ్లకు ఆయనంటే చాలా గౌరవం. ఆయనకు సభలో నిరూపించుకునే అవకాశం ఇచ్చి, ఓడిపోతే ఓడిపోయేవారు. ఇవ్వకపోవడం బాధ.

ద్వారకానగర్ అభ్యర్థి | ఆదివారం ఉదయం 10:20

లాయర్ గారూ, ఒక్కటి అడుగుతాను. జైల్లో ఉన్న వ్యక్తి ప్రధాని కావచ్చా? 2025లో వచ్చిన 130వ సవరణ బిల్లు గురించి ఇంటర్వ్యూలో అడుగుతారని అంటున్నారు.

జగదాంబ లాయర్ | ఆదివారం ఉదయం 11:05

శిక్ష పడకుండా రిమాండులో ఉంటే ప్రస్తుత చట్టంలో అనర్హత లేదు. 2024లో జైలు నుంచే గెలిచి ఎంపీలుగా ప్రమాణం చేసినవాళ్లున్నారు. 2025 ఆగస్టు 20న లోక్‌సభలో పెట్టిన 130వ సవరణ బిల్లు ఏమంటుందంటే: ఐదేళ్లు, అంతకుమించి శిక్ష పడగల నేరారోపణపై అరెస్టయి వరుసగా 30 రోజులు కస్టడీలో ఉంటే, ప్రధానైనా ముఖ్యమంత్రైనా 31వ రోజుకు పదవిలో ఉండరు. విడుదలయ్యాక మళ్లీ నియమించవచ్చు. బిల్లును సంయుక్త కమిటీకి పంపారు.

గాజువాక కుర్రాడు | ఆదివారం ఉదయం 11:22

నాకు ఇది సబబుగానే ఉంది. మా కంపెనీలో హెల్పర్ రెండు రోజులు స్టేషన్‌లో ఉంటే ఉద్యోగం పోతుంది. జైలు నుంచి ఫైళ్ల మీద సంతకాలు పెట్టే నాయకుడు నాకొద్దు.

బర్మా క్యాంపు మనవరాలు | ఆదివారం మధ్యాహ్నం 12:15

తమ్ముడూ, నీ కోపం అర్థమైంది. కానీ అరెస్టు చేసేది ఎవరో ఆలోచించు. శిక్ష వేసేది జడ్జి. అరెస్టు చేసేది పోలీసు, ఏజెన్సీ. గెలిచిన మనిషిని దించడానికి తీర్పు అక్కర్లేదు, 30 రోజులు బెయిల్ రాకపోతే చాలు. పీటాను సస్పెండ్ చేసి, ఆర్నెల్ల తర్వాత తప్పులేదన్నారని పైన అన్నయ్య రాశారు, ఒకసారి మళ్లీ చదువు.

గాజువాక కుర్రాడు | ఆదివారం మధ్యాహ్నం 12:40

చదివాను అక్కా. అయితే అరెస్టు కాదు, కోర్టు అభియోగాలు నమోదు చేశాక అని పెడితే? అప్పుడు జడ్జి ఒకసారి చూసినట్టవుతుంది.

జగదాంబ లాయర్ | ఆదివారం మధ్యాహ్నం 1:30

అది చర్చించదగ్గ సూచన. లా కమిషన్ 2014లో ఇచ్చిన 244వ నివేదిక అభ్యర్థుల అనర్హత విషయంలో దాదాపు అదే చెప్పింది: అభియోగాల నమోదు దశలో అనర్హత, దానికి కొన్ని రక్షణలు. వాటిలో ఒకటి, నామినేషన్ల పరిశీలన తేదీకి ముందు ఏడాదిలోపు నమోదైన అభియోగాలను లెక్కలోకి తీసుకోకూడదన్నది. ఎన్నికల ముందు కావాలని కేసులు పెట్టకుండా ఆ ఏర్పాటు. 130వ బిల్లులో అలాంటి రక్షణ ఏదీ లేదు.

ఎంవీపీ మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 2:05

అభ్యర్థీ, ఇంటర్వ్యూలో ఇది అడిగితే 75(5) ఆరు నెలలు, ఈ బిల్లులో 30 రోజులు, విశ్వాస పరీక్షకు గడువే లేకపోవడం, మూడూ పక్కపక్కన పెట్టి చెప్పు. 1970 ఉత్తర్వు కాపీ నా దగ్గర ఉంది. ఆదివారాలు సాయంత్రం నేను పబ్లిక్ లైబ్రరీలోనే ఉంటాను, వస్తే ఇస్తాను. జెరాక్స్ తీసుకుని తిరిగి ఇచ్చెయ్యి.